ఫిన్లాండ్ పల్లె 'కుంత': విశాఖ నుంచి వెళ్లి స్థిరపడేవాళ్లకు అక్కడి సేవల మీద సమీక్ష

ఉద్యోగ ఒప్పందంలో ఊరి పేరు చివర 'యార్వి' అనో, 'కోస్కి' అనో, 'సల్మి' అనో కనిపిస్తే సంతకం పెట్టేముందు ఒకసారి మ్యాపు తెరవండి. యార్వి అంటే సరస్సు, కోస్కి అంటే నది రాళ్ల మీద ఉరికే చోటు, సల్మి అంటే రెండు జలాలను కలిపే ఇరుకు పాయ. ఈ పేర్లతో పట్నాలూ లేకపోలేదు గానీ, చాలావరకు ఇవి పల్లె కుంతలే. కుంత అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం. మన పంచాయతీ, మండలం, మునిసిపాలిటీ మూడింటి పనీ ఒకే ఆఫీసు చూస్తుందనుకోండి. పలికేటప్పుడు 'త' అనే పలకాలి, మన చెరువు కుంటకూ దీనికీ సంబంధం లేదు. దేశం మొత్తం మీద 300కు పైగా కుంతలున్నాయి. పల్లెల పాలనను చర్చి చేతుల్లోంచి విడదీసి కుంతకు అప్పగించిన శాసనం 1865 నాటిది.

కొలత తెలియాలంటే లెస్తియార్వి చూడండి. జనాభా 700 దాకా. 5,000 లోపు జనాభా ఉన్న కుంతకు కౌన్సిల్లో కనీసం 13 మంది ఉండాలని చట్టం. అంటే యాభై నలుగురికో సభ్యుడు. 98 వార్డుల విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో 2011 లెక్కల ప్రకారమే ఒక్కో కార్పొరేటర్‌కు 17 వేల మందికి పైగా వస్తారు. వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలో అక్కడ అందరికీ తెలుసు, ఆ మనిషి సరుకుల కొట్లో మీ వెనకే వరసలో ఉంటాడు. మరోవైపు విస్తీర్ణం చూస్తే గుండె జారుతుంది. ఉత్తరాన సావుకోస్కి దాదాపు 6,500 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు వెయ్యి. 2022 విభజన తర్వాత మిగిలిన విశాఖ జిల్లా అందులో ఆరో వంతు ఉంటుంది. ఈ సమీక్షలో చెప్పబోయే మంచికీ చెడ్డకీ మూలం ఈ రెండు అంకెలే: మనుషులు తక్కువ, దూరం ఎక్కువ.

ఈ సేవకు మీరు కట్టే ధర కుంత పన్ను. జీతంలోంచే కోస్తారు. ఎంత శాతమో ఆ ఊరి కౌన్సిలే ఏటా తీర్మానిస్తుంది. 2023 జనవరి 1న వైద్యం, సంక్షేమం, అగ్నిమాపక సేవలు కుంతల నుంచి 21 'సంక్షేమ ప్రాంతాల'కు మారాయి (హెల్సింకీ ఒక్కటే తన సేవలు తనే చూసుకుంటుంది). ఆ సందర్భంలో కుంత పన్నులు 12.64 శాతం పాయింట్ల చొప్పున తగ్గాయి. ఇప్పుడు పల్లెల్లో అది 10 శాతానికి అటూ ఇటూ ఉంటుంది, కేంద్ర ఆదాయపు పన్ను వేరు. చర్చి పన్ను అని ఇంకోటి వినిపిస్తుంది, అది చర్చి సభ్యులకే. సభ్యత్వం లేనివాళ్లు దాని గురించి కంగారు పడక్కర్లేదు.

కాగితాల గొలుసు

కొత్తగా వెళ్లినవాళ్లు మొదటి నెలలో ఇరుక్కునేది ఇక్కడే. జనాభా రిజిస్టర్లో నమోదైతేనే మీకు 'సొంత కుంత' ఏర్పడుతుంది. అది ఉంటేనే పిల్లల బడి, వైద్యం, లైబ్రరీ అన్నీ సాఫీగా సాగుతాయి. నమోదుకు స్వయంగా, పాస్‌పోర్ట్‌తో వెళ్లాలి. ఆ కార్యాలయం పల్లెలో ఉండదు, దగ్గరి పట్నంలో ఉంటుంది. తర్వాత బ్యాంకు. బ్యాంకు ఖాతా వస్తే సరిపోదు, ఆన్‌లైన్ గుర్తింపు కోడ్లు కావాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లలో లాగిన్ అవ్వాలన్నా, మీ మందుల చీటీలు 'ఒమా కంత'లో చూసుకోవాలన్నా ఆ కోడ్లే తాళంచెవి. కోడ్లు లేక ఫోన్ చేసి ఆగడం, మళ్లీ పట్నానికి పోవడం, ఇలా వారాలు గడిచిపోతాయి. చిన్న ఊళ్లో బ్యాంకు శాఖ ఉన్నా వారంలో కొన్ని గంటలే తెరుస్తారు కాబట్టి, నమోదుకీ బ్యాంకుకీ ఒకే రోజు పట్నంలో అపాయింట్‌మెంట్లు పెట్టుకోవడం తెలివైన పని.

కుటుంబంతో వెళ్లేవాళ్లు పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన సర్టిఫికెట్లు విశాఖలో ఉండగానే అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని విదేశాలకు ధ్రువీకరించే ప్రభుత్వ ముద్ర) వేయించుకోండి. అసలు కాగితం తెలుగులోనే ఉంటే ఇంగ్లీషు అనువాదం కూడా కావాలి. అక్కడికి వెళ్లాక ఈ ముద్ర కోసం ఇక్కడి బంధువులను పరుగెత్తించడం ఇద్దరికీ నరకం.

లైబ్రరీ: ఐదుకి ఐదు

మొహమాటం లేకుండా చెప్పాలంటే పల్లె కుంత ఇచ్చే సేవల్లో దీనికి సాటి లేదు. మనమూ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, కాబట్టి ఆ డబ్బుతో ఏం చేయవచ్చో చూడాలనుకునేవాళ్లు ముందు చూడాల్సిన చోటు ఇదే. ఫిన్లాండ్‌లో మొదటి గ్రంథాలయ చట్టం 1928లో వచ్చింది. పుస్తకాలు తీసుకోవడానికి, లోపల కూర్చోవడానికి పైసా కట్టక్కర్లేదు.

చాలా పల్లెల్లో లైబ్రేరియన్ ఉండేది రోజుకు కొన్ని గంటలే. మిగతా సమయంలో 'ఒమాతోయిమి' పద్ధతి, అంటే మన పని మనమే చేసుకోవడం. తలుపు పక్కన చిన్న పరికరం ఉంటుంది. కార్డు చూపి పిన్ నొక్కితే తాళం టక్కుమంటుంది, దీపాలు వాటంతటవే వెలుగుతాయి. లోపల మనిషి ఉండడు. పుస్తకాన్ని యంత్రం పలక మీద పెడితే బీప్‌మని మీ పేరున రాసుకుంటుంది, తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. మీరు కోరిన పుస్తకం పక్క ఊరి లైబ్రరీలో ఉంటే తెప్పించి, మీ నంబరు చీటీతో రిజర్వ్ అరలో నిలబెడతారు. మూసే వేళ దగ్గరపడితే స్పీకర్లో హెచ్చరిక వస్తుంది, ఆ తర్వాత కూడా లోపలే ఉంటే అలారం మోగుతుంది.

ఈ సౌకర్యానికి కార్డు ఊరికే ఉంటే చాలదు, పని వేళల్లో లైబ్రేరియన్‌ను కలిసి అనుమతి వేయించుకోవాలి. ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. మన అలవాటు కొద్దీ, తలుపు తీసినవాళ్లు వెనక వస్తున్నవాళ్లకు మర్యాదగా పట్టుకుని నిలబడతారు. అక్కడ అది కుదరదు. మీ కార్డుతో లోపలికొచ్చినవాళ్లు చేసే నష్టానికి బాధ్యత మీదే. ప్రతి ఒక్కరూ తమ కార్డుతోనే రావాలి.

చాలాచోట్ల పుస్తకాలతో పాటు స్కీలు, మంచు బూట్లు, కరెంటు ఎంత కాలుతుందో కొలిచే మీటరు కూడా అరువిస్తారు. ఆ మీటరు మొదటి చలికాలంలోనే తెచ్చుకోండి, ఏ హీటరు మీ జీతం తింటోందో తేలిపోతుంది. ఊరికి దూరంగా ఉండే ఇళ్లకు పుస్తకాల బస్సు వస్తుంది. దాని వేళ నిమిషాలతో సహా ముద్రించి ఉంటుంది, అయిదు నిమిషాలు ఆలస్యమైతే అది వెళ్లిపోయే ఉంటుంది.

బడి

బడి భోజనం అందరికీ ఉచితం. 1943లో చట్టం చేసి 1948 నుంచి పూర్తిగా అమలు చేశారు. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు బంగాళాదుంపలు గానీ పాస్తా గానీ, మిగతా పావు చేప గానీ మాంసం గానీ పప్పుదినుసులు గానీ. పక్కన పాలు, రై రొట్టె. శాకాహారం కావాలంటే బడి మొదలయ్యే ముందే రాతపూర్వకంగా చెప్పండి. గుడ్లు, చేపలు తింటారో లేదో విడివిడిగా రాయండి, వాళ్లకు 'శాకాహారి' అన్న ఒక్క మాట మన ఇంట్లో లాగా అర్థం కాదు. ఇల్లు బడికి 5 కిలోమీటర్లు దాటితే రవాణా ఖర్చు కుంతదే. చాలాసార్లు టాక్సీయే పంపుతారు. ఇద్దరు ముగ్గురు పిల్లల కోసం చీకట్లో మంచులో టాక్సీ వచ్చి ఆగడం చూస్తే, ఈ వ్యవస్థ పిల్లల్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటుందో తెలుస్తుంది.

లోపం కూడా చెప్పాలి. పిల్లలు తగ్గిపోతే బడి మూసేస్తారు. ఆ నిర్ణయం కౌన్సిల్‌ది, ఊళ్లో అంతకంటే వేడి పుట్టించే చర్చ మరోటి ఉండదు. బడి పోతే చిన్న కుటుంబాలు పోతాయి, వాళ్లు పోతే కొట్టు పోతుంది. అందుకే లెస్తియార్వి 2013లో మొదలుపెట్టి కొన్నేళ్లపాటు పుట్టిన ప్రతి బిడ్డకూ 10,000 యూరోలు ప్రకటించింది. ఏడాదికి వెయ్యి చొప్పున పదేళ్లు, ఆ ఊళ్లోనే ఉంటే. ఇల్లు ఖరారు చేసే ముందు కౌన్సిల్ మినిట్స్ చదవండి, కుంత వెబ్‌సైట్లో అందరికీ కనిపిస్తాయి. అనువాద యాప్‌తో చదివినా 'కొఉలు', అంటే బడి, అన్న మాట ఎన్నిసార్లు వస్తోందో చూస్తే విషయం అర్థమవుతుంది. తొమ్మిదో తరగతి తర్వాత చదువుకు పిల్లలు పక్క పట్నానికి వెళ్లాల్సి రావచ్చు, పదహారేళ్లకే గది తీసుకుని విడిగా ఉండడం అక్కడ మామూలే. మన తల్లిదండ్రులు దీనికి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

వైద్యం

2023 తర్వాత ఊరి వైద్య కేంద్రం కుంతది కాదు, కౌన్సిల్ సభ్యుడి మీద అరిచినా లాభం లేదు. చాలా పల్లెల్లో నర్సు ఉంటుంది, డాక్టరు కొన్ని రోజులకే వస్తారు లేదా వీడియోలో మాట్లాడతారు. విశాఖలో కేజీహెచ్ కాకపోతే పక్క వీధి క్లినిక్, అది కాకపోతే మెడికల్ షాపు. అలా నడిచి వెళ్లి చూపించుకునే పద్ధతి మరిచిపోండి. ముందు ఫోన్, నర్సు అంచనా వేస్తుంది, అవసరమైతేనే డాక్టరు. జలుబు, జ్వరానికి యాంటీబయాటిక్ రాయరు, గొడవ పెట్టుకున్నా రాయరు.

ప్రాణాపాయం లేకపోయినా ఆగలేని సమస్యకు 116117, ప్రాణం మీదికొస్తే 112. ఫోన్‌లో '112 సుఓమి' యాప్ వేసుకోవడం తప్పనిసరి అనే అంటాం. దాంట్లోంచి కాల్ చేస్తే మీరున్న చోటు వాళ్లకు తెలుస్తుంది. ఇరవై అక్షరాల ఊరి పేరు భయంలో పలకడం మన నాలుకకు సాధ్యం కాదు, అడవి రోడ్డు మీద చెప్పడానికి గుర్తులూ ఉండవు.

గర్భిణులకు, పసిపిల్లలకు 'నెవ్వొల' అనే కేంద్రాలున్నాయి. సేవ ఉచితం, మాటతీరు గొప్పగా ఉంటుంది. కాన్పు మాత్రం పట్నం ఆసుపత్రిలోనే, అది ఎన్ని కిలోమీటర్లో ముందే లెక్కేసుకోవాలి.

రోడ్డు, బస్సు, కారు: ఐదుకి ఒకటిన్నర

ద్వారకా బస్ స్టేషన్‌లో ఒక బస్సు తప్పితే ఇంకోటి అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. చాలా పల్లెలకు రోజుకు ఒకటి రెండు బస్సులు, అవీ బడి రోజుల్లోనే. వేసవి సెలవుల్లో అవీ ఆగిపోవచ్చు. టైమ్‌టేబుల్లో అక్షరాల గుర్తులు ఉంటాయి, అవి ఏ రోజులకో కింద చదవకుండా స్టాపులో నిలబడితే మైనస్ 15లో గంటలు గడుస్తాయి. పాదచారి చీకట్లో రిఫ్లెక్టర్ తగిలించుకోవాలని చట్టమే ఉంది. ముంజేతికి ఒకటి, మోకాలి దగ్గర ఒకటి వేలాడాలి, నల్ల జాకెట్ జేబులో దాచుకుంటే దేనికీ పనికిరాదు.

కాబట్టి కారు. మన లైసెన్స్‌తో ఎంతకాలం నడపవచ్చో రవాణా సంస్థ త్రాఫికోమ్ నియమాలు చూసుకుని వెళ్లండి. నవంబరు నుంచి మార్చి చివరి దాకా పరిస్థితి బట్టి చలికాలం టైర్లు తప్పనిసరి. అసలు పాఠం మాత్రం ఇంజన్ వేడి చేయడంలో ఉంది. కారు ముందు భాగంలో ప్లగ్గు ఉంటుంది, పార్కింగ్‌లో టైమర్ ఉన్న కరెంటు స్తంభం ఉంటుంది. మైనస్ 5 దాకా అరగంట, మైనస్ 5 నుంచి 10 మధ్య గంట, మైనస్ 10 నుంచి 20 మధ్య రెండు గంటలు, అంతకు దిగితే మూడు. రాత్రంతా పెట్టి ఉంచడం వల్ల బిల్లు తప్ప లాభం లేదు, మూడు గంటల తర్వాత ఇంజన్ ఇక వేడెక్కదు. బయల్దేరేటప్పుడు వైరును ముందు స్తంభం దగ్గర పీకి, తర్వాత కారు దగ్గర తీసి, వెంట తీసుకెళ్లండి. స్తంభానికి కరెంటుతో వేలాడదీసి వదిలేయకూడదు, పిల్లలు ముట్టుకుంటే ప్రాణం పోతుంది. వైరు తీయడం మరిచి కారు కదిలించడం కొత్తవాళ్లు తప్పకుండా ఒకసారి చేసే పని. వైరును డ్రైవర్ తలుపు అద్దానికి ఒక చుట్టు తిప్పి ఉంచితే మరిచిపోయే వీలుండదు.

దుప్పి అనలేనంత పెద్ద జంతువు హిర్వి, సంజ వేళల్లో రోడ్డు దాటుతుంది. ఒకటి దాటితే వెంటనే వేగం పెంచకండి, వెనక పిల్ల ఉంటుంది. ఉత్తరాన రెయిన్‌డీర్లు రోడ్డు మీదే నిలబడతాయి. అవి అడవివి కావు, ప్రతిదానికీ యజమాని ఉంటాడు. దేన్ని గుద్దినా 112కి చెప్పి తీరాలి.

ఇంకో సంగతి ఏ ఏజెంటూ చెప్పడు. పల్లె ఇళ్లకు వెళ్లే చాలా దారులు ప్రభుత్వానివి కావు. దారి పొడవునా ఇళ్లున్నవాళ్లు 'తియెకుంత' అనే సంఘంగా ఏర్పడి ఖర్చు పంచుకుంటారు. మంచు తీయించడం, గుంతలకు కంకర పోయించడం వాళ్ల పనే. ఇల్లు కొంటే వాటా మీదే, అద్దెకైతే ఎవరు కడతారో ఒప్పందంలో రాయించుకోండి.

ఇల్లు, నిప్పు, కరెంటు

అద్దెలు హెల్సింకీతో పోలిస్తే చాలా తక్కువ, కుంత సొంత అద్దె ఇళ్లూ దొరుకుతాయి. వేడికి ఎలాంటి ఏర్పాటుందో అడగకుండా తీసుకోవద్దు. వట్టి కరెంటు హీటర్ల పాత చెక్క ఇల్లయితే అద్దెలో మిగిలింది బిల్లులో పోతుంది.

కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు మంచిది, వాడకం తెలిస్తే. బిర్చ్ కట్టెలు చీల్చి, ఎండనిచ్చి, తేమ 20 శాతం లోపుకి వచ్చాకే కాల్చాలి. పచ్చి కట్టె కాలిస్తే పొగ గొట్టంలో నల్లటి తారు పేరుకుంటుంది, ఒక రోజు గొట్టమే అంటుకుంటుంది. అందుకే నివాసమున్న ఇంట్లో ఏటా ఒకసారి గొట్టం శుభ్రం చేసే 'నుఒహోయ'ను పిలిపించాలి. అన్నిటికంటే ప్రమాదం 'పెల్తి', అంటే గొట్టానికి అడ్డంగా ఉండే ఇనప పలక. వేడి బయటికి పోతుందని దాన్ని తొందరగా మూసేస్తారు. కణికల మీద నీలి మంట కనిపిస్తున్నంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ పుడుతూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, మొదట తలనొప్పి, తర్వాత నిద్ర, అంతే. నీలి మంట పూర్తిగా ఆరి, కణికలు నల్లబడ్డాకే పెల్తి ముయ్యాలి. దీన్ని ఇంట్లో ప్రతి ఒక్కరికీ చూపించి నేర్పండి. పొగ అలారం ప్రతి అంతస్తులో ప్రతి 60 చదరపు మీటర్లకూ ఒకటి ఉండాలని నియమం.

హుద్‌హుద్ నాటి రోజులు గుర్తున్నవాళ్లకు ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది: గాలివానకో, తడి మంచు బరువుకో చెట్లు తీగల మీద పడితే పల్లెల్లో కరెంటు పోతుంది. 12 గంటలు దాటితే పంపిణీ సంస్థ పరిహారం ఇవ్వాలి, మీ వార్షిక పంపిణీ చార్జీలో 10 శాతంతో మొదలై కాలాన్ని బట్టి పెరుగుతుంది. ప్రతి ఇల్లూ 72 గంటలు సొంతంగా నెగ్గుకురావాలన్నది అక్కడి అధికారిక సలహా. నీళ్లు, టార్చి, బ్యాటరీ రేడియో, వండక్కర్లేని తిండి సిద్ధంగా ఉంచండి. బావి మోటారు కరెంటుతోనే నడుస్తుందని గుర్తుంచుకోండి, కరెంటు పోతే నీళ్లూ పోతాయి.

తిండి, మూట

ఊళ్లో ఒక్కటే సరుకుల కొట్టు ఉంటుంది, అదే పార్సిళ్లు ఇచ్చే పోస్టాఫీసు కూడా. బాస్మతి, ఎర్ర పప్పు, పెరుగు దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, మినపగుళ్లు పూర్ణా మార్కెట్ నుంచే రావాలి. సంచి కట్టేముందు యూరప్ నియమం తెలుసుకోండి: మాంసం, పాల పదార్థాలు తేకూడదు. నెయ్యి, కోవా, నెయ్యి రాసిన పూతరేకులు కస్టమ్స్‌లో పోతాయి. కరివేపాకు, మామిడికాయలు ధ్రువపత్రం లేకుండా కుదరవు, కొబ్బరికాయకు మాత్రం ఆ పత్రం అక్కర్లేదు. చేపలు, రొయ్యల వంటకాలకు 20 కిలోల దాకా అనుమతి ఉంది కాబట్టి నెయ్యి తగలని రొయ్యల పచ్చడి నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

సీసాలు పారేయకండి. క్యాన్‌కు 15 సెంట్లు, అర లీటరు ప్లాస్టిక్ సీసాకు 20, లీటరుకు పైబడితే 40 సెంట్లు కొట్లోని యంత్రం తిరిగి ఇస్తుంది. నలిపేస్తే యంత్రం వాటి మీది బార్‌కోడ్ గీతలు చదవలేక తిప్పి కొడుతుంది. ఆగస్టులో అడవిలో నీలి 'ముస్తిక్క', సెప్టెంబరులో ఎర్ర 'పుఒలుక్క' పళ్లు ఎవరైనా ఏరుకోవచ్చు, అడవి ఎవరిదైనా సరే. ఇంటి పెరట్లోకి మాత్రం వెళ్లకూడదు. పుఒలుక్కతో చేసిన పచ్చడి ఉసిరి పచ్చడికి దగ్గరగా ఉంటుంది, ఆవపొడి కాస్త తగ్గించి వెయ్యండి.

మనుషులు

పలకరించకపోతే పొగరనుకోకండి. పని లేనిదే మాట్లాడరు, మాటిస్తే తప్పరు. 'తల్కోత్' అని శ్రమదానం పెడతారు. ఆట స్థలం బాగుచేయడం, పడవల రేవు కట్టడం లాంటివి. భాష రాకపోయినా వెళ్లి పార పట్టుకోండి, తర్వాత ఇచ్చే సూపు, కాఫీ దగ్గరే ఊరు మిమ్మల్ని లెక్కలోకి తీసుకుంటుంది. భాషకు 'కన్సలాయిస్‌ఓపిస్తో' (పెద్దల విద్యా కేంద్రం) తరగతులు చవగ్గా ఉంటాయి. 2025 నుంచి ఉపాధి సేవలూ కుంతల చేతికే వచ్చాయి, చిన్నవి పక్క కుంతలతో కలిసి నడుపుతాయి. రెండేళ్లు అక్కడ నివాసం ఉంటే విదేశీయులు కూడా కుంత ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. అద్దె భవనాల్లో వారానికో గంట సౌనా వంతు ఇస్తారు. ముందు స్నానం చేసి, పీట మీద గుడ్డ పరుచుకుని కింది మెట్టు మీద కూర్చోండి, పై మెట్టు వేడి మొదటి రోజే వద్దు.

మొత్తం మీద పిల్లలున్న కుటుంబానికి, ఇద్దరిలో ఒకరికైనా కారు నడపడం వస్తే, ధైర్యంగా సిఫారసు చేస్తాం. ఒంటరిగా, కారు లేకుండా, సాయంత్రం బీచ్ రోడ్డు మీద జనం లేనిదే నిద్రపట్టనివాళ్లకు చేయలేం. డిసెంబరు చీకటి వాళ్లను తినేస్తుంది. ఊరు చూడ్డానికి వీలైతే జూలైలో వెళ్లకండి, అప్పుడు అన్నీ అందంగానే ఉంటాయి. నవంబరులో వెళ్లి, ఇంటి ముందు నిలబడి నాలుగు సంగతులు అడగండి: ఈ దారి మంచు ఎవరు తీస్తారు, కారుకు కరెంటు స్తంభం ఏది, పోయినేడు జనవరి కరెంటు బిల్లు ఎంత, శనివారం బస్సు ఉందా.